తగ్గింపు ధర – వినియోగదారుని వివేకం

ఆషాఢమాసాన్ని తెలుగువారు శూన్యమాసంగా భావిస్తారు. ఆ నెలలో పెళ్ళిళ్ళు ఉండవు, గృహప్రవేశాలు జరగవు. శుభకార్యాలు లేనప్పుడు కొనుగోళ్ళు మందగించడం సహజం. అందువల్ల వర్తకులు ఆ నెలలో ధరలు తగ్గించి నిలవ సరుకును కదిలించుకుంటారు. చీరల దుకాణాలలో ప్రముఖంగా కనిపించే ఈ ఆచారం నేడు ఫ్రిజ్‌లు, వాషింగ్‌మెషీన్లు, టి.వి.లు అమ్మే అంగళ్ళలోనూ కనిపిస్తుంది. ఆషాఢంలో ధర ఎందుకు తగ్గిందో అమ్మేవానికి తెలుసు, కొనేవానికీ తెలుసు. ఇద్దరి మధ్య దాపరికం లేదు. శ్రావణం వస్తే ఈ ధర ఉండదన్న సత్యం కూడా ఇద్దరికీ తెలిసినదే. ఇటువంటి తగ్గింపు న్యాయమైన వ్యాపారంలో ఒక భాగం.

అయితే అన్ని తగ్గింపులూ ఇంత తేటగా ఉండవు. పట్టణాలలో, నగరాల శివార్లలో తగ్గింపు ధరలకు గృహోపకరణాలు అమ్మే దుకాణాలు అనేకం వెలిశాయి. కొన్ని తమను ఫ్యాక్టరీ ఔట్‌లెట్లని చెప్పుకుంటాయి. మరికొన్ని 'స్టాక్ క్లియరెన్స్' అన్న పెద్ద అక్షరాల బట్టను ముంగిట కట్టుకుంటాయి. లోపల ప్రతి వస్తువుపైనా రెండు ధరలు ఉంటాయి. ఒకటి కొట్టివేసినది, మరొకటి ఎర్ర సిరాతో రాసినది. ఎంత తగ్గిందో ఆ చీటీ చెబుతుంది. ఎందుకు తగ్గిందో మాత్రం చెప్పదు. ఆ చెప్పని మాటలోనే కొనుగోలుదారుని లాభనష్టాలు దాగి ఉన్నాయి.

గృహోపకరణాలు ఒకప్పుడు సంపన్నుల ఇళ్ళకే పరిమితమై ఉండేవి. 1942లో స్థాపితమైన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ సనత్‌నగర్‌లో తయారుచేసిన ఫ్రిజ్‌లు తెలుగు ఇళ్ళలో గౌరవచిహ్నంగా నిలిచాయి. 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసిన టి.వి. ఉన్న ఇంటికి ఇరుగుపొరుగు పిల్లలు సాయంకాలం చేరేవారు. 1991లో ఆర్థిక సరళీకరణ ప్రారంభమైన తరువాత దేశ విదేశాల సంస్థలు పోటీపడ్డాయి. వస్తువు కోసం మనిషి వేచి ఉన్న రోజులు పోయి, మనిషి కోసం వస్తువు వేచి ఉండే రోజులు వచ్చాయి. నేడు ఫ్రిజ్ విలాసవస్తువు కాదు. ఉదయం వంటచేసి ఉద్యోగానికి వెళ్ళే గృహిణికి అది చేదోడు. ఇన్సులిన్ వాడే వృద్ధులున్న ఇంటికి అది ప్రాణావసరం. ఇటువంటి వస్తువును తక్కువ ధరకు కొనాలనుకోవడం పేరాస కాదు. పరిమితమైన ఆదాయంతో సంసారాన్ని ఈదే కుటుంబాల ఆర్థిక వివేకం. కాబట్టి తగ్గింపు ధరకు కొనేవారిని చులకనగా చూడటం తగదు. ఆలోచించవలసినది కొనవచ్చునా, కొనరాదా అన్నది కాదు; ఏమి తెలుసుకొని కొనాలి అన్నది.

ఈ ప్రశ్న కొత్తది కాదు. భారతీయ ధర్మశాస్త్రాలు అమ్మకం, కొనుగోలు విషయాలను లోతుగా చర్చించాయి. కొన్న తరువాత లేక అమ్మిన తరువాత కలిగే పశ్చాత్తాపానికి 'అనుశయం' అని పేరు. మనుస్మృతి పేర్కొన్న పద్దెనిమిది వ్యవహారపదాలలో క్రయవిక్రయానుశయం ఒకటి. అమ్మినవాడు గాని కొన్నవాడు గాని పశ్చాత్తాపపడితే పదిరోజులలోగా వస్తువును తిరిగి ఇవ్వవచ్చును, తీసుకోవచ్చును అని ఆ స్మృతి చెప్పింది. యాజ్ఞవల్క్యస్మృతి మరింత సూక్ష్మంగా ఆలోచించింది. వస్తువును బట్టి పరీక్షాకాలం మారాలన్నది దాని అభిప్రాయం. ఇనుముకు ఒకరోజు, పాడిపశువుకు మూడురోజులు, బరువులు మోసే ఎద్దుకు ఐదురోజులు, రత్నాలకు ఏడురోజులు, విత్తనాలకు పదిరోజులు గడువుగా నిర్ణయించింది. ఇనుము గుణం ఒక్కరోజులో తెలుస్తుంది. విత్తనం గుణం మొలకెత్తితే గాని తెలియదు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర వ్యాఖ్యను పదమూడవ శతాబ్దంలోనే మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయమనే పేరుతో తెలుగు చేశాడు. న్యాయశాస్త్రం పండితుల సొత్తుగా మిగిలిపోకుండా దేశభాషలోకి రావాలన్న తలంపు తెలుగునాట అంత ప్రాచీనమైనది.

నారదస్మృతి ఈ విషయంలో ఇరుపక్షాలకూ బాధ్యతను పంచింది. కొనేవాడు ముందుగా సరుకు గుణదోషాలను స్వయంగా పరీక్షించుకోవాలి. పరీక్షించి, నచ్చి కొన్న వస్తువును తిరిగి ఇచ్చే హక్కు అతనికి లేదు. కాని దోషంలేని వస్తువును చూపి, దోషమున్న వస్తువును అంటగట్టిన వర్తకుడు రెట్టింపు మూల్యాన్ని కొన్నవానికి చెల్లించి, అంతే మొత్తం దండుగ కూడా కట్టాలి. ఈ రెండు సూత్రాలలో క్రయవిక్రయధర్మం యావత్తూ ఇమిడి ఉంది. దోషమున్న వస్తువును అమ్మడం తప్పు కాదు; దోషాన్ని దాచి అమ్మడం తప్పు. తెలిసి కొన్నవాడు మోసపోయినవాడు కాడు. తెలియనివ్వకుండా అమ్మినవాడు మోసగాడు.

ఈ కొలబద్దతో నేటి తగ్గింపు దుకాణాన్ని పరిశీలించవచ్చు. అక్కడి వస్తువుల ధర తగ్గడానికి ప్రధానంగా నాలుగు కారణాలుంటాయి. మొదటిది రవాణాలో తగిలిన దెబ్బ. లారీలో ఎక్కించేటప్పుడో దించేటప్పుడో ఫ్రిజ్‌కు సొట్ట పడుతుంది. వాషింగ్‌మెషీన్‌పై గీతలు పడతాయి. రెండవది ప్రదర్శన. దుకాణంలో నెలల తరబడి చూపుకోసం ఉంచిన వస్తువును చివరకు ధర తగ్గించి అమ్ముతారు. మూడవది తిరిగి రావడం. ఎవరో కొని, నచ్చకనో లోపం కనిపించో తిరిగి ఇచ్చిన వస్తువును విప్పి, బాగుచేసి మళ్ళీ అమ్మకానికి పెడతారు. నాలుగవది పాతబడటం. కొత్త మోడల్ రాగానే పాత మోడల్ ధర తగ్గుతుంది. ఈ నాలుగు కారణాలూ ఒకే రకమైనవి కావు. కొన్ని వస్తువు రూపానికి సంబంధించినవి, కొన్ని దాని ప్రాణానికి సంబంధించినవి. ఏది ఏదో తెలియకపోతే పది రూపాయల లాభానికి నూరు రూపాయల నష్టం తప్పదు.

సొట్టనే తీసుకుంటే, ఫ్రిజ్ తలుపు మీద పడిన చిన్న సొట్ట కేవలం చూపుకు వెలితి. అయితే తలుపు సరిగా మూసుకుంటున్నదో లేదో చూడాలి. తలుపు అంచున ఉన్న రబ్బరు పట్టీకి, పెట్టెకు మధ్య ఒక కాగితం ఉంచి తలుపు మూసి లాగితే అది బిగువుగా రావాలి. జారి వచ్చేస్తే చల్లదనం కూడా అదే దారిన జారిపోతుందని గ్రహించాలి. పక్కభాగంలో పడిన సొట్ట సంగతి వేరు. నేటి ఫ్రిజ్‌లలో పలు రకాలకు వేడిని బయటికి పంపే గొట్టాలు పక్క రేకుల వెనుకనే ఉంటాయి. నడుస్తున్న ఫ్రిజ్ పక్కన చేయి ఆనిస్తే వెచ్చగా తగలడానికి కారణం అదే. అక్కడ బలమైన దెబ్బ తగిలితే లోపలి గొట్టం నొక్కుకుపోయి ఉండవచ్చు. కంటికి రెండూ సొట్టలే. ఒకటి చర్మం మీది గీత, మరొకటి ఎముకకు తగిలిన దెబ్బ.

ప్రదర్శనలో ఉంచిన వస్తువుల విషయంలోనూ ఈ తారతమ్యం ఉంది. విద్యుత్తు కలపకుండా నిలబెట్టి ఉంచిన ఫ్రిజ్‌కు పెద్దగా వచ్చే నష్టం లేదు. టి.వి. అలా కాదు. దుకాణం తెరిచినది మొదలు మూసేవరకు అది పూర్తి వెలుగుతో నడుస్తూనే ఉంటుంది. ఇంట్లో రోజుకు ఐదు గంటలు నడిచే టి.వి. దుకాణంలో పది గంటలు నడిచిందనుకుంటే, అక్కడి ఒక సంవత్సరం ఇంటి రెండు సంవత్సరాలతో సమానం. దానిని కొత్త వస్తువు ధరకు కొంచెం తగ్గించి ఇస్తే అది తగ్గింపు అనిపించుకోదు.

పాత మోడల్ విషయంలో గమనించవలసినది విద్యుత్తు. ఇంధన సామర్థ్య బ్యూరో 2006లో నక్షత్రాల ముద్రను ప్రవేశపెట్టింది. మంచుపేరుకోని రకం ఫ్రిజ్‌లకు, గది ఏ.సి.లకు 2010 జనవరి నుండి ఆ ముద్ర తప్పనిసరి అయింది. ఈ నక్షత్రాల ప్రమాణాలను బ్యూరో కాలక్రమంలో కఠినతరం చేస్తూ వస్తున్నది. అందువల్ల కొన్నేళ్ళ కిందట ఐదు నక్షత్రాలు పొందిన యంత్రం నేటి ప్రమాణాల ప్రకారం అంతకంటె తక్కువ నక్షత్రాలకే అర్హమై ఉండవచ్చు. నక్షత్రాలను లెక్కపెట్టి సంతృప్తి పడక, ముద్ర మీది కాలపరిమితిని, సంవత్సరానికి ఖర్చయ్యే యూనిట్ల సంఖ్యను చదవాలి. ఒక ఫ్రిజ్ నాలుగువేలు తక్కువకు వస్తున్నదనుకుందాం. అది సంవత్సరానికి నూటయాభై యూనిట్లు అదనంగా వాడుతుందనుకుందాం. యూనిట్ ఆరు రూపాయల చొప్పున ఏటా తొమ్మిదివందల రూపాయలు అదనంగా చెల్లించాలి. పదేళ్ళు వాడితే తొమ్మిదివేలు. దుకాణంలో మిగిలిన నాలుగువేలు ఐదేళ్ళు తిరగకముందే విద్యుత్ బిల్లులో కరిగిపోతాయి. వస్తువుకు రెండు ధరలుంటాయి. ఒకటి కొన్ననాడు ఇచ్చేది; రెండవది వాడినన్నాళ్ళూ ఇచ్చేది. తగ్గింపు చీటీ మొదటి ధరను మాత్రమే చూపుతుంది.

వాయిదాల పద్ధతిలో మరొక మాయ దాగి ఉంది. 'వడ్డీ లేని వాయిదాలు' అన్న ప్రకటన చూసి ఆకర్షితులయ్యేవారు అనేకులు. వడ్డీ లేని అప్పు అన్న భావన అసలు లేదని 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు స్పష్టం చేసింది. వడ్డీ వేరే రూపంలో ధరలోనో రుసుములోనో కలిసి ఉంటుంది. ఉదాహరణకు నగదుకైతే ఇరవై రెండువేల ఐదువందలకు ఇచ్చే వస్తువును, వాయిదాల మీద నెలకు రెండువేల చొప్పున పన్నెండు నెలలకు ఇస్తూ, ఐదువందల రూపాయల రుసుము ముందుగా తీసుకున్నారనుకుందాం. కొన్నవాడు మొత్తం రెండువేలు అదనంగా చెల్లిస్తాడు. అప్పు నెలనెలా తగ్గుతూ పోతుంది కాబట్టి, లెక్కిస్తే ఇది ఏడాదికి దాదాపు పదహారు శాతం వడ్డీతో సమానం. వాయిదాలలో కొనడం తప్పు కాదు. నగదు ధర ఎంత, వాయిదాల మొత్తం ఎంత అని రెండు ప్రశ్నలు అడగకుండా సంతకం చేయడం తప్పు.

మరి ఇన్ని విషయాలు తెలుసుకోవడానికి సామాన్యునికి అవకాశం ఎక్కడుంది? ఇక్కడే సమస్య మూలం కనిపిస్తుంది. దుకాణంలో అడుగుపెట్టిన సామాన్య కుటుంబం అడగడానికి జంకుతుంది. అడిగితే తమ పేదరికం బయటపడుతుందేమోనన్న బిడియం ఒకటి. చదువులేనివారనుకుంటారేమోనన్న భయం మరొకటి. 'ఈ ధర ఈరోజుకే, రేపు ఉండదు' అని అమ్మేవాడు తొందరపెడతాడు. వెనుక మరొకరు అదే వస్తువును చూస్తూ నిలబడి ఉంటారు. కొన్ని నెలల పొదుపు కొన్ని నిమిషాలలో చేతులు మారుతుంది. ఇంటికి చేరి వస్తువు నడవకపోతే, తక్కువకు వచ్చిందని తామే కొన్నాము కదా అని ఆ కుటుంబం నోరుమూసుకుంటుంది. పిండి కొద్దీ రొట్టె అని తమను తాము ఓదార్చుకుంటుంది. కొనుగోలుదారుని బిడియమే మోసానికి పెట్టుబడి. లోపాన్ని దాచిన వర్తకుడు సిగ్గుపడవలసిన చోట, నమ్మిన వినియోగదారుడు సిగ్గుపడటం విచారకరం.

చట్టం మాత్రం ఈ నిస్సహాయతను అంగీకరించలేదు. 1986లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019లో కొత్త చట్టం రూపొంది, 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. బాగుచేసిన వస్తువును, వాడిన వస్తువును, పాత వస్తువును కొత్తదని చెప్పి అమ్మడాన్ని ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొన్నది. రసీదు ఇవ్వకపోవడం కూడా అటువంటి తప్పే. లోపమున్న వస్తువును రసీదులో చెప్పిన గడువులోగా, గడువేదీ చెప్పకపోతే ముప్పై రోజులలోగా, తిరిగి తీసుకోవడానికి నిరాకరించడం కూడా తప్పే. 'అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు' అని గోడమీద రాసినంత మాత్రాన చట్టం చెల్లకుండా పోదు. స్మృతికారులు చెప్పిన పదిరోజుల గడువుకు, నేటి చట్టం చెప్పిన ముప్పైరోజుల గడువుకు మధ్య ఎన్నో శతాబ్దాల దూరం ఉన్నా, రెండింటి అంతరార్థం ఒక్కటే. వస్తువు నిజస్వరూపం తెలుసుకోవడానికి కొన్నవానికి కొంత కాలం ఇవ్వాలి.

ఈ హక్కును వినియోగించుకోవడం కూడా అసాధ్యమైన పని కాదు. వినియోగదారుడు తాను నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. వివాదానికి కారణం ఏర్పడిన రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయాలి. చెల్లించిన మూల్యం ఐదు లక్షల రూపాయలకు మించనప్పుడు రుసుము ఉండదు. అంతకుముందే 1915 అనే జాతీయ సహాయవాణి సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చు. అయితే వీటన్నిటికీ ఆధారం ఒక్కటే; రసీదు. రసీదు లేకుండా ఇంకొంత తగ్గిస్తామన్న మాటకు లొంగినవాడు తన రక్షణను తానే అమ్ముకున్నవాడవుతాడు. రసీదుపై వస్తువు క్రమసంఖ్య ఉండాలి. ఆ సంఖ్య యంత్రంపై ఉన్న సంఖ్యతో సరిపోవాలి. హామీకాలం ఎంత, ఎప్పటి నుండి, ఏయే భాగాలకు అన్నది రాతలో ఉండాలి. మాటగా ఇచ్చిన హామీ దుకాణం గడప దాటేవరకే నిలుస్తుంది.

అంతకంటె ముఖ్యమైన మాట ఒకటి రసీదుపైకి ఎక్కవలసి ఉంది. అది తగ్గింపునకు కారణం. 'కుడిపక్క రేకుపై సొట్ట', 'ప్రదర్శనలో ఉంచిన టి.వి.', 'తిరిగి వచ్చి బాగుచేసినది', 'నిరుటి మోడల్' అని ఒక్క పంక్తి రాస్తే చాలు. కొనేవానికి తాను ఏమి కొంటున్నాడో తెలుస్తుంది. ఆ దోషాన్ని గురించి తరువాత అతడు తగవుపడలేడు కాబట్టి అమ్మేవానికీ రక్షణ లభిస్తుంది. రాయని దోషం ఏదైనా బయటపడితే ఎవరిది తప్పో తేలిపోతుంది. నారదస్మృతి ఇరుపక్షాలకూ పంచిన బాధ్యతను ఈ ఒక్క పంక్తి నిర్వహిస్తుంది.

లోపాన్ని రాతలో పెడితే ఎవరు కొంటారని వర్తకులు సందేహించవచ్చు. ఈ సందేహానికి సమాధానం కూరగాయల బజారులో ఉంది. వేసవిలో మామిడిపండ్లు అమ్మే స్త్రీ దెబ్బతగిలిన పండ్లను వేరే గంపలో ఉంచుతుంది. ఇవి ఈరోజే తినాలి, రేపటికి ఉండవని తానే చెబుతుంది. సగం ధరకు ఇస్తుంది. ఆ గంప కూడా సాయంకాలానికి ఖాళీ అవుతుంది. మరునాడు మంచిపండ్లు కొనవలసివచ్చినా జనం ఆమె దగ్గరికే వెళతారు. ఎందుకంటే ఆమె చెడ్డదాన్ని చెడ్డదని చెప్పింది. కాబట్టి మంచిదని చెప్పిన మాట కూడా నమ్మదగినది. గంపతో బజారులో కూర్చున్న స్త్రీకి సాధ్యమైన నిజాయితీ, అద్దాల గదులలో వ్యాపారం చేసేవారికి అసాధ్యమని అనడం ఒప్పుకోదగిన మాట కాదు.

దెబ్బతిన్న వస్తువు అమ్ముడుపోవడంలో సమాజానికి కూడా మేలుంది. చిన్న సొట్ట కారణంగా నిక్షేపమైన యంత్రాన్ని పారవేస్తే అందులోని ఇనుము, రాగి, ప్లాస్టిక్, వాటిని తయారుచేయడానికి పట్టిన శ్రమ వృథా అవుతాయి. విద్యుత్ పరికరాల వ్యర్థాల నిర్వహణకు 2023 ఏప్రిల్ 1 నుండి కొత్త నియమాలు అమలులోకి రావడం ఆ సమస్య తీవ్రతను తెలుపుతుంది. సొట్ట పడిన పక్కను గోడవైపు తిప్పి పెట్టుకుని, అందులో పాలూ పెరుగూ మందులూ భద్రపరచుకునే కుటుంబం ఎవరికీ తీసిపోదు. లోపమున్న వస్తువుకు కూడా గౌరవప్రదమైన స్థానం ఉంది. ఆ లోపాన్ని చెప్పి అమ్మినప్పుడు.

చదువుకున్న యువతీయువకులు ఈ విషయంలో తమ కుటుంబాలకు అండగా నిలవాలి. తల్లిదండ్రులు దుకాణానికి వెళ్ళేటప్పుడు వెంట వెళ్ళి చీటీలోని చిన్న అక్షరాలు చదవాలి. వారు అడగడానికి జంకిన ప్రశ్నను వినయంగా, స్పష్టంగా అడగాలి. ఈ వస్తువు ఇంటికి నిజంగా అవసరమా అని ఇంటివారిని అడగడం మొదటిది. దీని ధర ఎందుకు తగ్గింది అని అమ్మేవానిని అడగడం రెండవది. మొదటి ప్రశ్న వ్యర్థవ్యయాన్ని నివారిస్తుంది. రెండవది మోసాన్ని నివారిస్తుంది. రెండవ ప్రశ్నకు వచ్చిన సమాధానాన్ని రసీదుపై రాయించుకుంటే క్రీతానుశయానికి, అంటే కొన్న తరువాతి పశ్చాత్తాపానికి, తావుండదు. ధర ఎంత తగ్గిందన్నది వర్తకుడు పెద్ద అక్షరాలతో తానే చెబుతాడు. ఎందుకు తగ్గిందన్నది వినియోగదారుడు అడిగి తెలుసుకోవాలి.